ముంబయిలో సింఫనీ వినడానికి వెళ్లే ముందు

త్యాగరాజ కృతి వింటే కళ్లు చెమర్చే మనుషులే, పాశ్చాత్య సంగీత కచేరీ అనగానే “మనకేం అర్థమవుతుంది” అని వెనక్కి తగ్గడం చాలాసార్లు చూశాను. ఈ వ్యాసం వాళ్ల కోసం. నేను సంగీత విదుషిని కాను. సికింద్రాబాదులో లెక్కలు చెప్పి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయురాలిని. చిన్నప్పుడు విజయనగరంలో కొంతకాలం వయొలిన్ నేర్చుకున్నాను. ద్వారం వెంకటస్వామినాయుడుగారు ప్రిన్సిపాలుగా పనిచేసిన సంగీత కళాశాల ఉన్న ఊరు కాబట్టి అక్కడ వయొలిన్ పట్టడం పెద్ద విశేషం కాదు. ఇప్పుడు వీలు చిక్కినప్పుడల్లా ముంబయి వెళ్లి ఆర్కెస్ట్రా వింటున్నాను.

ఇన్నాళ్లుగా విన్నాక నాకు కుదిరిన అభిప్రాయం ఒక్కటే. ఈ సంగీతం వినేవాళ్లకు ముందుగా కావలసింది జ్ఞాపకం. ఒక రచనలోని రెండు మూడు చిన్న స్వరవాక్యాలు మీ మనసులో ఉంటే, అవి తరువాత వేరే వాద్యం మీద, వేరే వేగంలో, వేరే స్థాయిలో తిరిగి వచ్చినప్పుడు గుర్తుపడతారు. సింఫనీ, అంటే ఆర్కెస్ట్రా కోసం సాధారణంగా నాలుగు భాగాలుగా రాసే పెద్ద రచన, రాసినవాడు శ్రోత నుంచి ఆశించేది ఆ గుర్తుపట్టడమే. మిగిలిన శాస్త్రం తెలిస్తే మంచిదే, తెలియకపోయినా కచేరీ ఆగదు. కాబట్టి టికెట్టు కొన్న రోజు నుంచి కచేరీ రోజు వరకు ఆ జ్ఞాపకాన్ని ఎలా కూడబెట్టుకోవాలో చెప్పడమే ఇక్కడ నా ముఖ్యమైన పని.

ఎక్కడికి, ఎలా

మన దేశంలో వృత్తి కళాకారులతో నడిచే పూర్తిస్థాయి ఆర్కెస్ట్రా సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా. నారీమన్ పాయింట్‌లో, మెరైన్ డ్రైవ్ చివర సముద్రం పక్కనే ఉన్న నేషనల్ సెంటర్ ఫర్ ది పెర్ఫార్మింగ్ ఆర్ట్స్ దాని సొంత ఇల్లు. అందరూ ఎన్‌సీపీఏ అంటారు. ఆ సంస్థ తరఫున ఖుష్రూ సుంటూక్, కజకిస్తాన్‌కు చెందిన వయొలిన్ విద్వాంసుడు మరాత్ బిసెంగాలియెవ్ కలిసి 2006లో ఈ ఆర్కెస్ట్రాను నెలకొల్పారు. ముంబయికి ఈ సంగీతం కొత్తేమీ కాదు. మెహ్లీ మెహతా 1935లోనే బాంబే సింఫనీ ఆర్కెస్ట్రాను స్థాపించారు. ఆ మరుసటి ఏడాది పుట్టిన ఆయన కొడుకు జుబిన్ మెహతా ప్రపంచంలోని పెద్ద పెద్ద ఆర్కెస్ట్రాలను నడిపించాడు.

ఏడాదికి రెండు సీజన్లు ఉంటాయి. సాధారణంగా ఫిబ్రవరి ప్రాంతంలో ఒకటి, సెప్టెంబరు ప్రాంతంలో ఒకటి. కార్యక్రమ వివరాలు ఎన్‌సీపీఏ వెబ్‌సైటులో ముందుగానే వస్తాయి. టికెట్లు ఆన్‌లైన్‌లో కొనుక్కోవచ్చు. సంస్థ సభ్యులకు ముందుగా అమ్ముతారు కాబట్టి మిగిలినవాళ్లకు తెరిచిన రోజే కొనడం మంచిది. పిల్లల్ని తీసుకువెళ్లేవాళ్లు వయసు నిబంధన ఏమిటో టికెట్టు పేజీలో తప్పక చూడండి.

హైదరాబాదు నుంచి హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్, సికింద్రాబాదు మీదుగా దేవగిరి, విశాఖ, రాజమండ్రి, విజయవాడల నుంచి కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఉన్నాయి. మూడూ ఛత్రపతి శివాజీ మహరాజ్ టెర్మినస్‌కే చేరతాయి. అక్కడి నుంచి నారీమన్ పాయింట్‌కు ట్యాక్సీలో కొద్ది దూరమే. లోకల్ రైల్లో వచ్చేవాళ్లకు చర్చ్‌గేట్ దగ్గర. కచేరీ సాయంత్రం కదా అని మధ్యాహ్నం చేరే రైలు పెట్టుకోకండి. ఉదయమే దిగి, భోజనం చేసి, ఒక గంట నిద్రపోండి. అలసిన చెవికి సింఫనీలో నెమ్మదిగా సాగే రెండో భాగం జోలపాట అవుతుంది.

ఏ కచేరీ ఎంచుకోవాలి

వచ్చే కళాకారుల పేర్లు చూసి కాక, వాయించబోయే రచన చూసి ఎంచుకోండి. మొదటిసారికి బీథోవెన్ ఐదో సింఫనీ, ద్వోర్జాక్ తొమ్మిదో సింఫనీ, రావెల్ రాసిన బొలేరో, చైకోవ్‌స్కీ చివరి మూడు సింఫనీలలో ఏదైనా సరే. బ్రూక్నర్, మాలర్ల సింఫనీలు చాలావరకు గంటకు అటూ ఇటూగా, కొన్ని గంట దాటి ఉంటాయి. అవి గొప్పవే, నాకు ప్రాణప్రదమైనవి కొన్ని వాటిలోనే ఉన్నాయి. కానీ మొదటి సాయంత్రానికి వద్దు.

కార్యక్రమం చాలావరకు ఒకే పద్ధతిలో ఉంటుంది. ముందు పది నిమిషాల చిన్న రచన. తరువాత కన్చెర్టో, అంటే ఒక ప్రధాన విద్వాంసుడు పియానోనో వయొలినో వాయిస్తూ ఉంటే ఆర్కెస్ట్రా అతనితో సంభాషించే రచన. విరామం. ఆ తరువాత సింఫనీ. మొత్తం రెండు గంటలు.

రెండు వారాల ముందు నుంచి

మూడు రచనలకూ సిద్ధం కావాలని ఆత్రపడకండి. సింఫనీ ఒక్కటి తీసుకోండి. ఇంటర్నెట్‌లో మంచి ఆర్కెస్ట్రాల వీడియోలు ఉచితంగా దొరుకుతాయి. వీడియో చూడమనే చెబుతాను, ఏ ధ్వని ఏ వాద్యం నుంచి వస్తోందో కెమెరా చూపిస్తుంది. వంట చేస్తూ, బట్టలు మడతపెడుతూ వినడం దీనికి పనికిరాదు. రోజుకు ఒక్క భాగమే వినండి, చాలావరకు పది నిమిషాలకు అటూ ఇటూగా ఉంటుంది. ఆ పది నిమిషాలూ ఇంకే పనీ చేయకండి. మర్నాడు పొద్దున లేచాక అందులో ఏది గుర్తుందో కూనిరాగంగా తీసి చూసుకోండి. గుర్తురాకపోతే మళ్లీ అదే భాగం వినండి, ముందుకు వెళ్లకండి.

బీథోవెన్ ఐదో సింఫనీతో ఈ పని ఎలా చేయాలో కొంచెం వివరంగా చెబుతాను. ఇది 1808 డిసెంబరు 22న వియన్నాలో, ఒక చలి రాత్రి, దాదాపు నాలుగు గంటలు సాగిన కచేరీలో మొదటిసారి వినిపించింది. ఆరో సింఫనీ, నాలుగో పియానో కన్చెర్టో కూడా అదే రాత్రి వాయించారు. ఇవాళ మనం తీరిగ్గా రెండు వారాలు వినిపించుకోగలిగిన దాన్ని వాళ్లు ఒక్కసారి, వణుకుతూ విన్నారు.

మొదటి భాగం మూడు పొట్టి దెబ్బలు, ఒక పొడుగు దెబ్బతో మొదలవుతుంది. ఇది అందరికీ తెలిసిన ధ్వనే. మొదటి రోజు మీ పని ఆ నాలుగు దెబ్బలు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతకడం. దాదాపు ప్రతిచోటా ఉంటాయి. చుట్ట తిరిగిన ఇత్తడి వాద్యాలైన హార్న్‌లు గట్టిగా పిలిచాక వయొలిన్లు ఒక మెత్తని పాట ఎత్తుకుంటాయి. అది కొత్త పాట అనుకుంటాం, కానీ ఆ పాట కింద మంద్రంలో, వయొలిన్ కంటే బాగా పెద్దవైన చెల్లోలు, డబుల్ బేస్‌లు ఆ నాలుగు దెబ్బలనే గొణుగుతూ ఉంటాయి. ఇది ఒకసారి చెవిన పడితే, తరువాత వినకుండా ఉండలేరు. భాగం రెండో సగంలో ఆర్కెస్ట్రా మొత్తం హఠాత్తుగా ఆగి, సన్నాయిలాంటి ఒక్క ఓబో మాత్రం తాళం వదిలేసి చిన్న ఆలాపన చేస్తుంది. కొద్ది క్షణాలే. ఆ హోరులో ఒక్క మనిషి గొంతు విన్నంత దిగులుగా ఉంటుంది నాకు.

రెండో భాగం వయోలాలు (వయొలిన్ కంటే కొంచెం పెద్దవి), చెల్లోలు కలిసి ఎత్తుకునే తీరైన పాట. దాన్ని గుర్తుపెట్టుకోండి, వచ్చిన ప్రతిసారీ అదనపు స్వరాలు తొడుక్కుని వస్తుంది. మూడో భాగం అడుగునుంచి, చెల్లోలు, డబుల్ బేస్‌ల నుంచి చీకట్లో అడుగులు వేస్తున్నట్టు మొదలై, కాసేపటికే హార్న్‌లు మళ్లీ మూడు పొట్టి, ఒక పొడుగు దెబ్బ కొడతాయి. వేగం వేరు, స్వరం వేరు. అయినా మేనమామ పోలిక మేనల్లుడి ముఖంలో కనిపించినట్టు కనిపిస్తుంది. ఆ క్షణంలో మీరు దాన్ని గుర్తుపడితే సింఫనీ వినడం మీకు వచ్చేసినట్టే. ఇక ఎవరూ నేర్పనక్కర్లేదు.

మూడో భాగానికీ నాలుగో భాగానికీ మధ్య ఖాళీ లేదు. తీగవాద్యాలు ఒకే స్వరాన్ని లోగొంతుకతో పట్టుకుని ఉంటే నగారా లాంటి టింపనీ మెత్తగా కొడుతూ ఉంటుంది, ఆ చీకటి క్రమంగా చిక్కబడి, పెరిగి, ఒక్కసారిగా వెలుతురులోకి తెరుచుకుంటుంది. మన పరిభాషలో చెప్పుకోవాలంటే కీరవాణి ఛాయ నుంచి శంకరాభరణంలోకి అడుగుపెట్టడం. గమకాలు ఉండవు కాబట్టి ఈ పోలిక స్వరాల వరకే, అయినా మన చెవికి అది మంచి ఊతం.

ఇక్కడ మా అక్క కూతురి మాట చెప్పాలి. అది ముంబయిలో ఉద్యోగం చేస్తుంది, నాతో కచేరీలకు వస్తుంది. ఈ సింఫనీ విన్న రాత్రి మూడో భాగం నడుస్తుండగా నా చెవిలో కాదు, నా చేతిలోని కార్యక్రమ పత్రం మీద పెన్సిలుతో రాసింది: “పిన్నీ, ఆ వెనక ముగ్గురూ ఎందుకు ఊరికే కూర్చున్నారు?” ఆ ముగ్గురూ ట్రాంబోన్ అనే ఇత్తడి వాద్యం ఊదేవాళ్లు. బీథోవెన్ వాళ్లకు మొదటి మూడు భాగాల్లో ఒక్క స్వరం కూడా రాయలేదు. ఇరవై నిమిషాలకు పైగా ఒళ్లో వాద్యం పెట్టుకుని కూర్చుని, నాలుగో భాగం తెరుచుకున్న క్షణంలో లేచిన ధ్వనిలో కలుస్తారు. వాళ్లతో పాటు సన్నని ధ్వని ఇచ్చే చిన్న ఫ్లూట్ పికోలో, లోతైన ధ్వని ఇచ్చే ఊదే వాద్యం కాంట్రాబసూన్ కూడా అక్కడే మొదలవుతాయి. రికార్డింగులో అది “గట్టిగా వచ్చింది” అని మాత్రమే తెలుస్తుంది. హాల్లో ఆ ముగ్గురూ వాద్యాలు పెదవుల దగ్గరికి ఎత్తడం ముందే కనిపిస్తుంది, ఏం జరగబోతోందో ఒళ్లంతా తెలుస్తుంది. అలా ఊరికే కూర్చున్నవాళ్లను గమనించడం అలవాటు చేసుకోండి. ద్వోర్జాక్ తొమ్మిదో సింఫనీ మొత్తంలో ఇత్తడి తాళాలకు (సింబల్స్) ఒకే ఒక్క దెబ్బ ఉంది, నాలుగో భాగంలో, అది కూడా మెత్తగా.

ఆ ద్వోర్జాక్ సింఫనీని ఎంచుకున్నవాళ్లు రెండో భాగంలో కోర్ ఆంగ్లే వాయించే పాటను ముందుగా పట్టుకోండి. ఓబో కంటే పొడుగ్గా, చివర ఉబ్బెత్తుగా ఉండే వాద్యం అది. ద్వోర్జాక్ సొంత ఊరికి దూరంగా న్యూయార్క్‌లో ఉంటూ రాసిన రచన, 1893 డిసెంబరులో అక్కడి కార్నెగీ హాల్లో మొదటిసారి వాయించారు. అమెరికాలో పిల్లల దగ్గర కొన్ని నెలలు ఉండి వచ్చిన తల్లిదండ్రులకు ఆ పాట గురించి నేను చెప్పవలసింది లేదు.

తంబురా లేని సంగీతం

కర్ణాటక సంగీతానికి అలవాటుపడిన చెవికి మొదట్లో ఒక అసౌకర్యం కలుగుతుంది. ఎక్కడో నిలబడలేకపోతున్నట్టు ఉంటుంది. కారణం ఇదీ. మన కచేరీలో షడ్జం మొదటినుంచి చివరిదాకా ఒక్కచోటే ఉంటుంది, తంబురా దాన్ని గుర్తుచేస్తూనే ఉంటుంది. సింఫనీలో షడ్జమే చోటు మారుతుంది. ఒక పాట ఒక ఆధార స్వరం మీద వినిపించి, కాసేపటికి మరో ఆధారం మీదకు జరిగి, చాలా దూరం తిరిగి ఇంటికి చేరుకుంటుంది. ఆ దూరమవడం, చేరుకోవడం లోనే ఉద్వేగం ఉంది. మనం రాగంలోని లోతు కోసం చెవి పెడతాం, ఇక్కడ ప్రయాణం కోసం చెవి పెట్టాలి.

దీనికి అభ్యాసంగా బొలేరోను మించినది లేదు. 1928లో రావెల్ రాశాడు, పదిహేను నిమిషాలు. మూడేసి దెబ్బల నడకలో చిన్న డప్పు ఒకే లయను మొదటి క్షణం నుంచి చివరిదాకా వదలకుండా కొడుతుంది. దాని మీద రెండే పాటలు. ఫ్లూట్ మొదలుపెడుతుంది, తరువాత క్లారినెట్, బసూన్ అనే ఊదే వాద్యాలు, అలా ఒక్కొక్క వాద్యం అందుకుంటుంది, ధ్వని మెల్లమెల్లగా పెరుగుతూ పోతుంది. ఇంట్లో వింటున్నప్పుడు దాని షడ్జాన్ని పెదవి విప్పకుండా పట్టుకుని కూర్చోండి. దాదాపు రచన అంతా మీ షడ్జం అక్కడే సరిపోతుంది. చివరికి వచ్చేసరికి ఉన్నట్టుండి సరిపోదు. షడ్జం అంతర గాంధారం మీదకు జరిగిపోతుంది. కొద్దిసేపు అక్కడ ఉండి మళ్లీ పాత చోటికి వస్తుంది. అంతసేపు కదలకుండా ఉన్నది కదిలేసరికి నేల కదిలినట్టు ఉంటుంది. ఇది మీకు తెలిసిన రోజు నుంచి ఏ సింఫనీలోనైనా షడ్జం జరగడం తెలుస్తుంది. తంబురాతో పెరిగిన చెవికి ఈ విషయంలో ఒక అదనపు బలం ఉందని నా నమ్మకం. నిలకడ తెలిసినవాళ్లకే కదలిక బాగా తెలుస్తుంది.

ఈ రెండు సంగీతాలూ ఒకదానికొకటి పూర్తిగా పరాయివి కూడా కావు. ముత్తుస్వామి దీక్షితులవారు మద్రాసులో ఇంగ్లీషు బ్యాండు వాయించే పాటలు విని వాటి వరుసల్లో సంస్కృత సాహిత్యం కూర్చారు. శంకరాభరణం స్వరాల్లో గమకం లేకుండా పాడే ఆ నొట్టుస్వరాలు చిన్నపిల్లలకు ఈనాటికీ నేర్పుతారు. ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితులు పాశ్చాత్య వయొలిన్ నేర్చుకుని మన సంగీతంలోకి తెచ్చినవారిలో ఒకరు. హాల్లో వయొలిన్లు చూసినప్పుడు, మనవాళ్లు నేలమీద కూర్చుని పాదం దగ్గర ఆనించుకునే వాద్యమే వాళ్ల గడ్డం కింద ఉందని గమనించండి. ఆ పట్టులోని తేడాయే వాళ్లకు ఆ విల్లు వేగాన్ని, మనకు ఈ గమకాన్ని ఇచ్చిందనుకుంటాను.

సీటు

ఎన్‌సీపీఏలో ఈ కచేరీలు జరిగే జంషెడ్ భాభా థియేటర్‌లో సుమారు 1,100 సీట్లు ఉన్నాయి, 1999లో తెరిచారు. ఎన్‌సీపీఏ స్థాపకుల్లో ఒకరైన జంషెడ్ భాభా పేరు పెట్టారు, ఆయన అణుశాస్త్రవేత్త హోమీ భాభా తమ్ముడు. ఖరీదైన ముందు వరుసల కోసం పోటీ పడకండి. మొదటి వరుసల్లో వయొలిన్లు తప్ప ఏమీ కనిపించవు, వెనక కూర్చునే ఫ్లూట్, ఓబో, హార్న్ కళాకారుల తల వెంట్రుకలు కూడా కనిపించవు. మొదటిసారి వెళ్లేవాళ్లకు బాల్కనీ ముందు వరుసలు, మధ్య భాగం నా సలహా. అక్కడి నుంచి వేదిక మొత్తం కనిపిస్తుంది, ధ్వని కూడా కలగలిసి చేరుతుంది.

కూర్చున్నాక వేదికను చూసుకోండి. సాధారణంగా ఎడమవైపు మొదటి వయొలిన్లు, వాటి పక్కన రెండో వయొలిన్లు, తరువాత వయోలాలు, చెల్లోలు, కుడిచివర వెనకగా డబుల్ బేస్‌లు. కొందరు కండక్టర్లు, అంటే ఎదురుగా నిలబడి చేతితో ఆర్కెస్ట్రాను నడిపించేవాళ్లు, ఈ వరుస మారుస్తారు. మధ్యలో వెనక రెండు వరుసలుగా ఫ్లూట్లు, ఓబోలు, క్లారినెట్లు, బసూన్లు. ఆ వెనక ఇత్తడి వాద్యాలు, టింపనీ.

మైకు లేదు. మన సభల్లో ధ్వని ఎవరు వాయించినా రెండు పక్కల ఉన్న పెట్టెల్లోంచే వస్తుంది. ఇక్కడ చెల్లో ధ్వని చెల్లో ఉన్న చోటునుంచే వస్తుంది. మొదటి ఐదు నిమిషాలు “ఇంత తక్కువగా వినిపిస్తోందేమిటి” అనిపిస్తుంది. ఓపిక పట్టండి, చెవి దానంతటదే పదునెక్కుతుంది. ఆ తరువాత అరవైమంది కలిసి ఊపిరి బిగబట్టి వాయించే అతి చిన్న ధ్వని కూడా స్పష్టంగా చేరుతుంది. ఇది ఏ ఫోనూ, ఏ ఖరీదైన స్పీకరూ ఇవ్వలేదు. ఇంత దూరం ప్రయాణం చేసేది దీనికోసమే.

ఆ నిశ్శబ్దానికి మనం చేయవలసిన సాయం ఒకటుంది. గాజు గాజులు వేసుకుని రాకండి. చేయి ఒళ్లోంచి కదిపినా మూడు వరుసల దాకా వినిపిస్తుంది. పట్టీలు, గరగరలాడే పట్టుచీర కూడా ఆ సాయంత్రానికి వద్దు. మెత్తని నూలుచీరో, సల్వారో, మగవాళ్లకు మామూలు చొక్కా ప్యాంటో చాలు. కోటు అవసరం లేదు. ఏసీ చలి ఎక్కువ, శాలువా తెచ్చుకోండి. దగ్గు బిళ్ల కాగితం హాలు బయటే విప్పి రుమాల్లో పెట్టుకోండి. ఫోను పూర్తిగా ఆపేయండి. సమయానికి అరగంట ముందుండండి, మొదలైతే ఆ రచన పూర్తయ్యేదాకా లోపలికి వదలకపోవచ్చు.

ఆ రెండు గంటలు

అందరూ వచ్చి కూర్చున్నాక మొదటి వయొలిన్ల నాయకుడు లేచి నిలబడతాడు. ఓబో ఒక స్వరం ఇస్తుంది, సెకనుకు 440 కంపనాలు లేదా దానికి ఒకటి రెండు అటూఇటూ. అందరూ దానికి శ్రుతి చేసుకుంటారు. మనకు పాడేవారి గొంతును బట్టి శ్రుతి, వాళ్లకు అందరికీ ఒక్కటే. ఆ శ్రుతి చేసుకునే ధ్వని నాకు ఎంత ఇష్టమో చెప్పలేను. దయచేసి ఆ సమయంలో మాట్లాడకండి.

కండక్టర్ చేతిని చూడండి. చేయి దిగిన తరువాత రవ్వంత ఆలస్యంగా ధ్వని వస్తుంది, కాబట్టి ఏం రాబోతోందో చేతిని చూస్తే ముందే తెలుస్తుంది. కుడిచేయి ఎక్కువగా లయ చూపిస్తుంది, ఎడమచేయి ఎవరిని పిలుస్తోందో, ఎవరిని తగ్గించమంటోందో గమనించండి. తొడ మీద తాళం వేయడం మనకు సహజం. ఇక్కడ మానుకోండి. పక్కవాళ్ల ఇబ్బంది ఒక కారణం, రెండోది ఈ సంగీతంలో వేగం ఒక వాక్యంలోనే సాగుతుంది, కుదించుకుంటుంది. మీ తాళం పట్టుకుని కూర్చుంటే ఆ సాగడం వినిపించదు.

అందరినీ ఒకేసారి వినాలని ప్రయత్నించకండి. ఒక్కో పాట ఒక్కో రకంగా వినండి. ఒకసారి పై పాటను, తిరిగి వచ్చినప్పుడు అడుగున ఉన్న డబుల్ బేస్‌లను. మనసు పక్కకు పోతే కంగారు పడకండి. మీరు ఇంట్లో గుర్తుపెట్టుకున్న వాక్యం వచ్చినప్పుడు అదే మిమ్మల్ని వెనక్కి పిలుస్తుంది. ముందుగా సిద్ధపడమన్నది అందుకే.

చప్పట్లు ఎప్పుడు కొట్టాలనేది అందరినీ భయపెట్టే ప్రశ్న. ఇప్పటి ఆచారం ప్రకారం రచన మొత్తం పూర్తయ్యాకే కొట్టాలి, భాగాల మధ్య కొట్టకూడదు. కార్యక్రమ పత్రంలో ఎన్ని భాగాలో ఉంటుంది. కన్చెర్టోకు సాధారణంగా మూడు, సింఫనీకి నాలుగు. లెక్కపెట్టుకోవచ్చు, కానీ లెక్క తప్పించే రచనలున్నాయి. మెండెల్సోన్ వయొలిన్ కన్చెర్టోలో మొదటి భాగం చివర ఒక్క బసూన్ తన స్వరాన్ని వదలకుండా పట్టుకుని రెండో భాగంలోకి తీసుకువెళ్తుంది. చైకోవ్‌స్కీ ఆరో సింఫనీలో మూడో భాగం ఎంత విజయోత్సాహంతో ముగుస్తుందంటే ప్రపంచంలో ప్రతిచోటా జనం చప్పట్లు కొడతారు. కానీ అది ముగింపు కాదు. దాని తరువాత అన్నిటికన్నా దుఃఖభరితమైన భాగం ఉంది, అది మంద్రంలో వినిపించీ వినిపించకుండా ఆగిపోతుంది. చైకోవ్‌స్కీ దాన్ని 1893 అక్టోబరులో స్వయంగా నడిపించి, తొమ్మిది రోజులకు మరణించాడు. ఆ సింఫనీ చివర కండక్టర్ చేతులు పూర్తిగా కిందికి దిగేదాకా ఆగండి. అన్ని రచనలకూ నమ్మదగిన గుర్తు అదే: చేతులు దిగాలి, విల్లులు దిగాలి, కండక్టర్ మనవైపు తిరగాలి.

అయినా ఎవరైనా మధ్యలో కొడితే వాళ్ల వైపు కోపంగా చూడకండి. ఈ ఆచారం అంత పాతదేమీ కాదు. 1778లో పారిస్‌లో తన సింఫనీ మొదటి భాగం నడుస్తుండగానే జనం చప్పట్లు కొట్టారని మొజార్ట్ తండ్రికి సంతోషంగా ఉత్తరం రాశాడు. వాళ్లకు నచ్చుతుందని తెలిసే ఆ చోటు అలా రాశానని కూడా చెప్పుకున్నాడు. మన సభలో “భేష్” అన్న మాట కళాకారుడికి ఎంత బలమో మనకు తెలుసు. ఇక్కడ ఆ మెచ్చుకోలును దాచుకుని చివర ఒకేసారి ఇవ్వాలి, అంతే.

విరామంలో అందరూ కాఫీ వరుసలో నిలబడతారు. మీరు నీళ్లు తాగి తిరిగి వచ్చి వేదిక చూడండి. కొందరు కళాకారులు విరామంలోనే వచ్చి రాబోయే సింఫనీలోని కష్టమైన చోట్లు సాధన చేసుకుంటూ ఉంటారు. మీరు రెండు వారాలుగా వింటున్న వాక్యం ఒంటరిగా వినిపించవచ్చు.

విదేశాల్లో ఉన్నవాళ్లకు ఒక మాట. జూలై మధ్య నుంచి సెప్టెంబరు మధ్య వరకు లండన్‌లో పిల్లల దగ్గర ఉండే తల్లిదండ్రులు రాయల్ ఆల్బర్ట్ హాల్లో జరిగే ప్రామ్స్ కచేరీలకు వెళ్లండి. 1895లో, చవక టికెట్టుతో మామూలు జనానికి మంచి సంగీతం వినిపించాలని మొదలైన ఉత్సవం అది. వేదిక ముందు నిలబడి వినే చోటుకు ఇప్పటికీ టికెట్టు చాలా తక్కువ. మోకాళ్లు సహకరించకపోతే కూర్చునే సీటే కొనండి, రెండు గంటలు నిలబడడం చిన్న విషయం కాదు.

తరువాత

ఆ రాత్రి తిరిగి వచ్చాక రికార్డింగు వినకండి. రెండు మూడు రోజులు పోనివ్వండి. హాల్లో విన్నది మనసులో కుదురుకున్నాక అదే వీడియో మళ్లీ చూస్తే, కెమెరా ఎవరిని చూపించలేదో మీకు తెలుస్తుంది. అక్కడ ట్రాంబోన్ ఉందని, ఇక్కడ వయోలాలు ఉన్నాయని మీరే పూరించుకుంటారు.

రెండోసారి వెళ్లడానికి బ్రామ్స్ నాలుగో సింఫనీ కార్యక్రమంలో ఉంటే వదులుకోకండి. 1885 నాటిది. అందులోనూ ట్రాంబోన్లు మూడు భాగాలు ఊరికే కూర్చుని నాలుగోదానిలోనే వస్తాయి. ఆ నాలుగో భాగం మొదట్లో ఎనిమిది స్వరాలు ఒక్కొక్కటిగా, నిలువుగా, మెట్లెక్కుతున్నట్టు వినిపిస్తాయి. ఆ తరువాత అంతా ఆ ఎనిమిదింటి మీదే ముప్పై సార్లు కట్టిన వైవిధ్యాలు. ఒకసారి పైన వినిపిస్తాయి, ఒకసారి అడుగున దాక్కుంటాయి, మధ్యలో ఫ్లూట్ ఒంటరిగా పాడుతున్నప్పుడు దాదాపు మాయమవుతాయి. ఇంట్లో వేళ్ల మీద ఎనిమిదేసి లెక్కపెట్టుకుంటూ వినండి. పల్లవి వినడం అలవాటున్నవాళ్లకు రెండు మూడు రోజుల్లో పట్టుబడుతుంది. ఫ్లూట్ దగ్గర లెక్క తప్పితే ఆగి మొదటినుంచి మొదలుపెట్టకండి. ట్రాంబోన్లు మెత్తగా వచ్చే దాకా ఆగండి, అక్కడి నుంచి మళ్లీ ఒకటి లెక్కపెట్టవచ్చు.